వెంకటనరసమ్మ గారి నాలుగెకరాల చెరువు

కలిదిండి,
డిసెంబరు 7, ఆదివారం.

అమ్మకి,

దండాలతో నీ పెద్దకూతురు జ్యోత్స్న రాస్తున్నది. ఇక్కడ ఆయనా, నేనూ, పాపా కులాసాగానే ఉన్నాం. ఖరగ్‌పూర్‌లో నువ్వూ, చెల్లీ, మరిదిగారూ, బుజ్జిగాడూ కూడా అలాగే ఉన్నారనుకుంటున్నాను. వాడికి మూడో నెల దాటింది కదా, మెడ నిలుపుతున్నాడా? అక్కడ చలి ఎక్కువంటున్నావు. పొద్దున్నే నూనె రాసి కాసేపు ఎండలో పడుకోబెట్టడం మానకు. చెల్లి పంపిన ఫొటోలో వాడి ముక్కు చూసి ఆయన, "మీ నాన్నగారి ముక్కే" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

నీ ఉత్తరం మొన్న మంగళవారం చేరింది. ఉత్తరాలెందుకు, వాట్సాప్‌లో పెట్టవచ్చు కదా అంటుంది చెల్లి ఉష. అది దాని ఫోను. పెడితే ముందు అది చదువుతుంది. పోనీ మాట్లాడదామంటే నీకు వినపడదు. వినపడేలా అరిస్తే మన వీధంతటికీ వినపడుతుంది. అందుకని ఈ ఉత్తరం నువ్వే కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కదానివే కూర్చుని చదువుకో.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. పాపకి దగ్గు తగ్గింది. పెరట్లో కరివేపాకు చెట్టు వానలకి పడిపోలేదు, ఒక కొమ్మ విరిగిందంతే. తాడినాడ పట్టాభిరామయ్య గారి మూడో చెరువు మోటార్లు రెండూ వైండింగ్ చేసి పంపేశాం, ఆయన నిన్ను అడిగానని చెప్పమన్నారు. ఇంకొకటి కూడా అడిగావు. జోసెఫ్ బాబాయ్ మాట నా ఉత్తరాల్లో తిన్నగా ఎందుకు రావడం లేదని. దానికి ఒక్క ముక్కలో జవాబు రాయలేను. మొదటినుంచీ చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఏలూరు బైపాస్‌లో ఆ పెద్ద షోరూమ్ తెరిచినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. ధరలో వాళ్ళతో మనం తూగలేమని ఆ రోజే తెలిసిపోయింది. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికి గాలి పట్టించే కొత్త ఏరియేటరు మీద వాళ్ళిచ్చే తగ్గింపు మనకి కంపెనీవాడు ఇచ్చే తగ్గింపు కంటే ఎక్కువ. నువ్వు రైలెక్కేముందు ఒక మాట అన్నావు, గుర్తుందా? "రైతుకి కావలసింది మిషను కాదే, చెరువులో చక్రం తిరగడం" అని. నువ్వు వెళ్ళాక ఒక రోజంతా నేను ఏ పనీ ముట్టుకోకుండా షాపులో స్టూలు మీద కూర్చుని చూశాను. ఒక మోటారు బాగుపడి వెళ్ళడానికి నాలుగు రోజులు ఎందుకు పడుతోందో తెలుసుకుందామని. బాబాయ్ ఒకటి విప్పుతాడు, బేరింగు ఉండదు, బజారుకి వెళతాడు. వచ్చేలోపు ఇంకో రైతు తొందరపెడతాడు, అది విప్పుతాడు. సాయంత్రానికి లెక్కపెడితే సగం విప్పిన మోటార్లు తొమ్మిది నేల మీద ఉన్నాయి. ఆలస్యం పనిచేసే మనిషిది కాదు, మనం పని పెట్టుకున్న తీరుది.

ఎక్కువగా పోయే బేరింగులూ సీళ్ళూ రెండు డబ్బాల నిండా తెచ్చి గోడకి పెట్టించాను. ఒకటి పూర్తయితేగాని రెండోది విప్పకూడదన్నాను. మూల పడున్న పాత మోటార్లు ఆరింటికి రాగితీగ చుట్టించి సిద్ధంగా ఉంచాను. రైతు కాలిన మోటారు తెస్తే గంటలో మనది ఒకటి పట్టుకెళ్ళి బిగించుకుంటాడు, అతనిది బాగయ్యాక మార్చుకుంటాడు. రెండో రోజున నేనే ఫోను చేసి "తిరుగుతోందాండీ?" అని అడిగేదాన్ని. నాలుగు రోజుల పని రోజున్నరకి వచ్చింది. ఆ షోరూమ్ నంబరుకి ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పి పాట వేస్తారు. కోరుకొల్లు గంగరాజు గారు ఒకరోజు నవ్వుతూ, "వాళ్ళ పాట బాగుంటుందమ్మాయ్, మనిషే రాడు" అన్నారు. జులై అంతా నేను గాల్లో తేలిపోయానమ్మా.

ఆగస్టులో మొదలైంది.

ముందు పట్టాభిరామయ్య గారే చెప్పారు. షాపు ముందు స్కూటరు ఆపి, దిగకుండానే అడిగారు.

"ఏవమ్మా, నా మూడో చెరువులో గేర్‌బాక్సు నూనె మార్చి ఏడు నెలలైందని ఆ షోరూమ్ వాళ్ళకి ఎలా తెలిసిందంటావు?"

"వాళ్ళకెలా తెలుస్తుందండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను. నిన్న ఫోను చేసి, మీకు నూనె మార్చే టైమైందండీ, మా దగ్గరికి వస్తే ఉచితంగా చేస్తామండీ అంటున్నారు. నాకే గుర్తులేదు ఆ సంగతి."

ఆయన వెళ్ళాక నేను మన షాపు లెక్కల పుస్తకం తీసి చూశాను. ఏడు నెలలు సరిగ్గా సరిపోయింది. తరవాత గంగరాజు గారికి వచ్చింది ఫోను. తరవాత సానారుద్రవరంలో ఇద్దరికి. ఎవరి మోటారు ఎప్పుడు కట్టామో, ఎవరి బేరింగు ఎప్పుడు మార్చామో, మనకి తెలిసినంత వాళ్ళకీ తెలుసు. సెప్టెంబరు చివరికి పదకొండుమంది రైతులు అటు వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళు కనపడితే తల తిప్పుకునేవారు.

ఆ లెక్కలు తెలిసినవాళ్ళం షాపులో ఇద్దరమే. నేనూ, జోసెఫ్ బాబాయీ.

ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. నాన్న పోయిన ఏడాది నువ్వు షాపు మూసేద్దామనుకుంటే, జీతం సంగతి తరవాత చూద్దాం అమ్మగారూ అని తలుపులు తీసినవాడు ఆయన. నాకు తీగ చుట్టడం నేర్పినవాడు. కానీ ఒకసారి అనుకున్నాక ప్రతిదీ దానికే అతుక్కుంటుంది. ఫోను వస్తే బయటికి వెళ్ళి మాట్లాడుతున్నాడేమిటి? ఇదివరకు అలా వెళ్ళేవాడా? పుస్తకం బల్ల మీద ఈ వైపు పెట్టాను కదా, ఆ వైపు ఎలా వచ్చింది? టీ కొట్టు దగ్గర ఎవరితో నిలబడ్డాడు? ఇంట్లో మా ఆయనతో చెబితే, "తొందరపడకు, జోసెఫ్ గారు అలాంటి మనిషి కాదు" అన్నారు. ఈయన కూడా బాబాయ్‌తో కలిసి టీ తాగే మనిషే కదా అనుకున్నాను. అంతవరకూ వెళ్ళింది నా బుద్ధి.

ఈ మధ్యలో నేనొక కట్టుబాటు పెట్టాను. మన దగ్గర కొనని మిషను ఏదీ మనం ముట్టుకోకూడదని. షోరూమ్‌లో కొన్నవాళ్ళు షోరూమ్ వాళ్ళతోనే బాగుచేయించుకోవాలని. బాబాయ్ విని, "చెరువులో రొయ్యకి ఏ షోరూమో తెలీదు కదమ్మా" అన్నాడు. వాళ్ళ తరఫున మాట్లాడుతున్నాడనుకున్నాను.

అక్టోబరు చివర్లో బాబాయ్ భోజనానికి వెళ్ళి గంటన్నరకి గాని రావడం లేదు. ఒక వారంలో మూడుసార్లు అలాగే జరిగింది. నాలుగోసారి నేను స్కూటరు మీద వెనకాల వెళ్ళాను. పెదలంక వైపు మలుపు తిరిగి, చెరువు గట్ల మీదుగా లోపలికి పోయాడు. నేను ఒక మేత షెడ్డు పక్కన బండి ఆపి నిలబడ్డాను. అక్కడ నాలుగు కొత్త ఏరియేటర్లు, షోరూమ్ వాళ్ళ రంగువే. ఒకటి గట్టు మీదికి లాగి ఉంది. దాని ముందు బాబాయ్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన వాళ్ళ నీలంచొక్కా వేసుకున్న నడివయసు మనిషి. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. బాబాయ్ ఏదో అంటే అతను చేతిలో కాగితం మీద రాసుకున్నాడు.

నాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున గంగరాజు గారు మోటారు తీసుకెళ్ళడానికి వచ్చి ఉన్నారు. ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు. వాళ్ళ ముందు అడగకుండా ఉండాల్సింది. ఇంకో గంట ఆగినా బాగుండేది. ఆగలేదు.

"షాపు తాళంచెవి ఇక్కడ పెట్టండి, జోసెఫ్ గారూ" అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని నేను బాబాయ్ అనకుండా పిలవడం అదే మొదటిసారి. చేస్తున్న పని ఆపి చూశాడు.

"ఏమైందమ్మా?"

"పెదలంకలో ఏమైందో మీకే తెలియాలి. మన పుస్తకంలో లెక్కలు ఎవరికిస్తున్నారు?"

గంగరాజు గారు మోటారు ఎత్తబోయి ఆగిపోయారు. బాబాయ్ ఆయన వైపు ఒకసారి చూసి, మళ్ళీ నా వైపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి పుస్తకం మీద పెట్టాడు. కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"అమ్మగారు వచ్చాక కనపడతాను" అని చెప్పి వెళ్ళిపోయాడు. కోపంగా అనలేదు. అది కూడా నాకు నటనలాగే తోచింది.

ఆయన వెళ్ళాక రెండు వారాలు షాపు ఎలా నడిచిందో రాయడం కూడా కష్టం. వైండింగ్ నేను చేయగలను, గేర్‌బాక్సులు నా ఒక్కదానివల్ల కాదు. మళ్ళీ సగం విప్పిన మోటార్లు నేల మీద చేరాయి. రెండో రోజు చేసే ఫోన్లు మానేశాను, అడిగితే ఏం చెప్పాలో తెలియక. బాబాయ్ ఏడండీ అని అడిగినవాళ్ళకి ఆయనే మానేశాడని చెప్పాను. షోరూమ్ వాళ్ళ ఫోన్లు మాత్రం ఆగలేదు. దానికీ ఒక కారణం కల్పించుకున్నాను, పుస్తకం మొత్తం ముందే ఇచ్చేసి ఉంటాడని.

నవంబరు పదిహేడున, మధ్యాహ్నం మూడింటికి, సొరుగులో ఉన్న నీ పాత ఫోను మోగింది. నువ్వు వినపడదని ఇక్కడే వదిలేసి వెళ్ళావు కదా, దాన్ని షాపు రెండో నంబరుగా చార్జింగు పెట్టి ఉంచుతున్నాను. ఎత్తాను. ఎవరో ఆడపిల్ల, గొంతు చాలా మర్యాదగా ఉంది.

"వెంకటనరసమ్మ గారాండీ?"

"మీరెవరండీ?"

షోరూమ్ పేరు చెప్పింది. "మీ నాలుగెకరాల చెరువులో ఆరు ఏరియేటర్లు ఉన్నాయి కదండీ. వాటి మోటార్లు వైండింగ్ చేయించి ఇవాళ్టికి ఆర్నెల్లయిందండీ. మా సర్వీసు సెంటరులో అయితే..."

"ఏ చెరువండీ?"

"కలిదిండిలో నాలుగెకరాలదండీ. మీ పేరునే ఉందండీ."

నీకు చెరువెక్కడిదమ్మా? పెరట్లో నీళ్ళతొట్టి తప్ప. ఆ అమ్మాయి హలో, హలో అంటూనే ఉంది.

నీకు గుర్తుండాలి. మే నెలలో తాడేపల్లిగూడెం నుంచి రాజేష్ అని ఒకతను వచ్చాడు. మంచి బట్టలు, ప్రతి మాటకీ మేడమ్. నువ్వు మజ్జిగ కూడా ఇచ్చావు. చిన్న షాపులు పెద్దవాళ్ళతో పోటీ పడాలంటే లెక్కలన్నీ ఫోనులో ఉండాలి, పుస్తకాలకి చెదలు పడతాయి, మా యాప్ ఉచితం అన్నాడు. ఎవరి మిషనుకి ఎప్పుడు సర్వీసో అదే గుర్తుచేస్తుందన్నాడు. "ముందు ఒక పేరు ఎక్కించి చూడండి మేడమ్, ఏదైనా పరవాలేదు" అంటే నవ్వుతూ నీ పేరు ఎక్కించాను. నీ నంబరు. చెరువు ఎంత అని అడిగితే నాలుగెకరాలు అని కొట్టాను. ఏరియేటర్లు ఆరు. వైండింగ్ తేదీ ఆ రోజుదే. తరవాత ఇరవై రోజులు కూర్చుని పదహారేళ్ళ పుస్తకం అంతా దాంట్లోకి ఎక్కించాను. నీ పేరు మాత్రం తీసెయ్యడం మరిచిపోయాను.

ఆ చెరువు సంగతి జోసెఫ్ బాబాయ్‌కి తెలియదు. పుస్తకంలో లేదు. ఈ లోకంలో దాన్ని తవ్వింది నేనొక్కదాన్నే.

రాజేష్‌కి ఫోను చేశాను. అతను దాచలేదు కూడా.

"అవునండీ మేడమ్, మా యాప్‌లో ఆ షోరూమ్ వాళ్ళ పెట్టుబడి ఉందండి. వివరాలు పంచుకుంటామని షరతుల్లో ఉంటుందండి. మీరు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కారు కదండీ."

"ఎన్ని పేజీలండీ ఆ షరతులు?"

"నలభై రెండండి. ఎవరూ చదవరు లెండి."

అమ్మా, ఇంతవరకూ చదివి నువ్వు, సరే పొరపాటైంది, తెలిసింది కదా, వెళ్ళి కాళ్ళ మీద పడి తీసుకొచ్చి ఉంటుంది అనుకుంటావు. నేను అలా చెయ్యలేదు. తెలిసిన తరవాత ఐదు రోజులు నేను ఆయన ఇంటి వైపు వెళ్ళలేదు. చర్చి దాటితే నాలుగో ఇల్లు. రోజూ అటునుంచే పాపని స్కూలుకి తీసుకెళ్ళేదాన్ని, ఆ ఐదు రోజులూ చుట్టూ తిరిగి వెళ్ళాను. పద్దెనిమిదో తారీఖున నీకొక ఉత్తరం రాశాను. అందులో, బాబాయ్ వాళ్ళమ్మాయి దగ్గరికి గుడివాడ వెళ్ళాడు, నెలదాకా రాడు అని రాశాను. తెలియక రాసింది కాదు. అంతా తెలిసిన మర్నాడే రాశాను. నువ్వు నమ్మలేదని నీ ఉత్తరం చూస్తే అర్థమైంది. నమ్మినట్టు రాశావు గాని, మళ్ళీ అడిగావు.

ఇరవై రెండు శనివారం. వాయుగుండం పట్టి అప్పటికి మూడు రోజులుగా సూర్యుడు లేడు. అలాంటి రోజుల్లో చెరువుల సంగతి నీకు చెప్పక్కర్లేదు, పట్టపగలే నీళ్ళలో ఊపిరి అయిపోతుంది. పొద్దున పదింటికి పెదలంక నుంచి పెద్దింటమ్మ అనే ఆవిడ తడిసి ముద్దయి వచ్చింది. రెండెకరాలు కౌలుకి తీసుకుని రొయ్య వేసింది. నేనావిణ్ణి ఎప్పుడూ చూడలేదు.

"జోసెఫ్ ఏడమ్మా?"

"ఆయనతో మీకేం పనండీ?" అన్నాను. అప్పటికీ నా గొంతులో ఆ పాత అనుమానం పోలేదు.

"నాలుగు మిషన్లలో మూడు కాలిపోయినియ్యమ్మా, కరెంటు ఎక్కువ తక్కువలకి. రొయ్య పైకి తేలిపోతంది. షోరూముకి తెల్లారినకాణ్ణించీ చేస్తన్నాను, పాటే వస్తంది. జోసెఫ్ ఉంటే చూసేవోడు. ఇంతకుముందు నాలుగుమాట్లు తిండేళకి వచ్చి బాగుచేసిపోయాడు. ఆ షోరూము ఆయన వస్తే, ఆయనకి కూడా ఈయనే చూపించాడు గేరుబాక్సు ఎట్టా విప్పాలో. ఆయన రాసుకున్నాడు పాపం." కాస్త ఆగి, "మా అమ్మాయికి చెప్పొద్దు, కోప్పడద్ది అన్నాడు. మీరేనా ఆ అమ్మాయి?" అంది.

నేనే అన్నాను.

ఆవిణ్ణి షాపులో కూర్చోబెట్టి బాబాయ్ ఇంటికి వెళ్ళాను. వసారాలో టేబుల్ ఫ్యాన్ ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. "పెద్దింటమ్మ చెరువులో మూడు ఆగిపోయాయి బాబాయ్" అని మాత్రం అన్నాను. లేచి సంచి తీసుకున్నాడు.

"షాపులో మోటార్లు ఎన్ని సిద్ధంగా ఉన్నాయండి?"

నన్ను ఆయన 'అండి' అనడం అదే మొదలు.

మనవి నాలుగు మోటార్లు ఆటోలో వేసుకుని వెళ్ళాం. గట్టు మీద అడుగు నిలవడం లేదు. చెరువు అంచంతా రొయ్య మీసాలు పైకిపెట్టి ఉంది, ఒక మూల తెల్లగా చచ్చి తేలింది. షోరూమ్ వాళ్ళ మిషనుకి మన మోటారు బిగించే చిల్లులు కలవవు. ఆయన సంచిలోంచి రేకు పలకలు తీశాడు, ఎప్పుడో చేసి ఉంచుకున్నవి. కరెంటు తీయించి ఇద్దరం నడుం లోతు నీళ్ళలో దిగాం. ఆయన బిగిస్తుంటే నేను మోటారు మోసి పట్టుకున్నాను. పన్నెండింటికి ఒకటి తిరిగింది, ఒంటిగంటకి రెండోది. మూడోది తిరిగేసరికి పెద్దింటమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. పావు వంతు పోయింది, మిగిలింది బతికింది. మొన్న బుధవారం రొయ్య పట్టుబడి చేసి అమ్ముకుంది, నష్టం లేకుండా బయటపడ్డానంది.

ఆటో కోసం గట్టు మీద నిలబడ్డప్పుడు చెప్పాను.

"పుస్తకం ఇచ్చింది నేనే బాబాయ్. ఆ యాప్‌లోంచి వెళ్ళింది."

"తెలిసిందాండి" అన్నాడు.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసనను. మీరు దాంట్లోకి అంతా ఎక్కించాకే కదండీ ఆ ఫోన్లు మొదలైనాయి. అదేనేమో అనుకున్నాను."

"మరి ఆ రోజు నాతో చెప్పలేదేం?"

ఆయన చేతుల బురద గడ్డికి తుడుచుకుంటూ, "మీరు నన్ను అడగలేదు కదండీ. తాళంచెవి అడిగారు" అన్నాడు.

మర్నాడే కోరుకొల్లు వెళ్ళి గంగరాజు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన, "నేను నాలుగూళ్ళలో అనేశానమ్మాయ్, జోసెఫ్ ఇలాంటివాడని. ఇప్పుడు ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలి?" అన్నారు. ఆయన ఆ మాట అన్నవాళ్ళందరి దగ్గరికీ నేనే వెళుతున్నాను. ఇంకా కొంతమంది మిగిలారు. నేను చెబుతుంటే తల ఊపుతారు. నమ్మారో, పనివాణ్ణి తెచ్చుకోవడానికి ఇలా చెబుతున్నాననుకుంటున్నారో తెలియదు.

డిసెంబరు ఒకటి నుంచి బాబాయ్ పనిలోకి వస్తున్నాడు. రమ్మని మూడుసార్లు వెళ్ళి అడిగాను. ఎవరి దగ్గర కొన్న మిషనైనా సరే బాగుచేస్తాం అని బోర్డు రాయిస్తేనే వస్తానన్నాడు. రాయించాను. ఆయన మాటే నిజమైంది, షోరూమ్‌లో కొన్నవాళ్ళే ఇప్పుడు ఎక్కువ వస్తున్నారు. ఈ వారంలో ఇరవై మూడు మోటార్లు వచ్చాయి, అన్నీ రెండు రోజులలోపు వెళ్ళాయి. వాళ్ళ నీలంచొక్కా మనిషి కూడా ఒకరోజు వచ్చి బాబాయ్‌ని ఏదో సందేహం అడిగి వెళ్ళాడు. యాప్ తీసేశాను. వెళ్ళిన వివరాలు మాత్రం వెనక్కి రావు, వాళ్ళ దగ్గర అలాగే ఉంటాయి. ఇప్పుడు రెండో రోజు ఫోన్లు నేనూ బాబాయీ పంచుకుని చేస్తున్నాం. షాపు సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను, షాపు బాగుందమ్మా. నువ్వు వెళ్ళినప్పటికంటే బాగుంది.

తాళంచెవి ఇస్తే ఆయన తీసుకోలేదు. పొద్దున నేను వెళ్ళి తెరిచేదాకా అరుగు మీద కూర్చుంటాడు. నన్ను మీరు అంటాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు తన సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టి, మూతి తెరిచి, నిలబడతాడు. మొదటి రోజు నాకు అర్థం కాలేదు. "ఏంటి బాబాయ్?" అన్నాను. "ఒకసారి చూసుకోండి. ఇద్దరికీ మంచిది" అన్నాడు. వద్దని బతిమాలాను. ఏడ్చాను కూడా. "నాకేం కోపం లేదండి, చూసుకోండి" అంటాడు. నిజంగానే మొహంలో కోపం ఉండదు.

నిన్న ఆయన సంచి తెస్తుంటే నేను లేచి బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాను. ఎంతసేపని ఉంటాడులే, వెళ్ళిపోతాడనుకున్నాను. ముప్పావు గంట గడిచింది. తొంగిచూస్తే, సంచి పక్కన చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. వయసైన మనిషి, పొద్దుటినుంచీ పనిచేసి ఉన్నాడు. ఇంక నేనే లోపలికి వచ్చాను. సంచిలో రెండు స్పానర్లు, టెస్టరు, చుట్ట చుట్టిన రేకు పలకలు, ఖాళీ టిఫిన్ డబ్బా. "సరేనండి" అని మూతి కట్టుకుని వెళ్ళిపోయాడు.

నీకు చెప్పాలనుకున్నది ఇందాకటిదేదీ కాదమ్మా, ఇదే. మనసులో చూడొద్దు చూడొద్దు అనుకుంటూనే ఉన్నాను. నా కళ్ళు మాత్రం ఆ సంచి అడుగుదాకా వెళ్ళి, డబ్బా పక్కన ఇంకేమైనా ఉందేమోనని వెతికాయి. ఆయన నా మొహమే చూస్తున్నాడు. అది ఆయనకి కనపడింది.

ఇట్లు,
నీ ముందు తల ఎత్తలేని నీ పెద్దకూతురు,
జ్యోత్స్న